నెలవంక వార్త: తంతి నుండి సెల్‌ఫోను వరకు

రంజాను 29వ నాటి ప్రొద్దు గూకే వేళ ప్రొద్దుటూరులో గాని, జమ్మలమడుగులో గాని, పులివెందులలో గాని ముస్లిముల చూపులన్నీ పూర్వం పడమటి దిక్కున ఉండేవి. పిల్లలు, పెద్దలు మిద్దెలెక్కి నెలవంక కోసం వెదికేవారు. నేడు ఆ చూపులు అరచేతిలోని ఫోను మీద ఉన్నాయి. దీనిని కేవలం సౌకర్యంగా భావించి ఊరకుండరాదు. క్రొత్త వార్తాసాధనం వచ్చినపుడల్లా వార్త వేగంగా చేరడమే గాక, ఎవరి మాట నమ్మాలి అనే ప్రశ్న కూడా దానితోపాటే వచ్చింది. నెలవంక విషయంలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఒకవైపు పొరబడితే ఫర్జ్ రోజా ఒకటి పోతుంది. మరొకవైపు పొరబడితే ఉపవాసం నిషిద్ధమైన పండుగనాడు ఉపవాసం ఉన్నట్లవుతుంది.

ధర్మశాస్త్రం ఇక్కడ రెండు విషయాలను వేరుచేసింది. ఒకటి షహాదత్, అనగా కన్నవాడు స్వయంగా ఎదుట నిలిచి చెప్పే సాక్ష్యం. రెండవది ఖబర్, అనగా వార్త. హనఫీ మార్గం ప్రకారం ఆకాశం మబ్బుపట్టి ఉంటే రంజాను ప్రారంభానికి విశ్వసనీయుడైన ఒక్కని మాట చాలు. ఈద్‌కు మాత్రం ఇద్దరు పురుషులు, లేదా ఒక పురుషుడు ఇద్దరు స్త్రీలు సాక్ష్యమివ్వాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఒకరిద్దరు చూశామంటే చాలదు, పెద్ద సమూహమే చూచి ఉండాలి. సాక్షి ముఖం, నడవడి, ఊరిలో అతని పేరు ఖాజీకి తెలిసి ఉండే రోజులలో ఏర్పడిన నియమాలివి.

తంతి ఈ ఏర్పాటునే కుదిపింది. మన దేశంలో తొలి ప్రయోగపు తంతి 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య నడిచింది. తర్వాత రైలు వెంట తంతి స్తంభాలు కూడా సాగాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాలకు ప్రయాణికుల రైలు 2016లో గాని నడవలేదు గనుక, అంతవరకు ప్రొద్దుటూరు వారికి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందుల వారికి ముద్దనూరు రైలు దారులుగా ఉండేవి. తంతిలో పంపినవాని కంఠం వినరాదు, చేవ్రాలు కనరాదు. ఒక గుమాస్తా అతని మాటలను చుక్కలుగా గీతలుగా మార్చి కొడితే, దూరాన మరొక గుమాస్తా వాటిని విని కాగితం మీద వ్రాస్తాడు. పంపినవాడు నిజంగా ఫలానావాడేనని చెప్పగలవారెవరు?

ఇద్దరు పండితులు దీనికి రెండు విధాల జవాబిచ్చారు. బరేలీకి చెందిన మౌలానా అహ్మద్ రజా ఖాన్ 1880లలోనే, చంద్రదర్శనంలో తంతివార్త చెల్లదని ఒక గ్రంథం వ్రాశారు. డమాస్కస్‌కు చెందిన జమాలుద్దీన్ ఖాసిమీ 1911లో, తంతివార్తను ఆచరణకు తీసుకోవచ్చునని మరొక గ్రంథం ప్రకటించారు. మొదటివారు అజ్ఞానంతో తంతిని నిరాకరించారనుకుంటే పొరపాటు. ఆయన అభ్యంతరం యంత్రం మీద కాదు, సాక్షి లేకపోవడం మీద. నా మట్టుకు ఆ అభ్యంతరం నేటికీ బలమైనదే అనిపిస్తుంది.

రేడియో సంగతి వేరు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైంది. రేడియోలో చెప్పేవాడు సాక్షి కాడు. సాక్ష్యం విని నిర్ణయించినవారి నిర్ణయాన్ని చాటేవాడు మాత్రమే. దీనికి పాత ఆధారం కూడా కలదు. 1836లో మరణించిన డమాస్కస్ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్, పట్నంలో ఫిరంగి మ్రోత విన్నా, మినారుల మీద దీపాలు కనబడినా చుట్టుప్రక్కల గ్రామాలవారు దానిని అనుసరించాలని వ్రాశారు. ఫిరంగి సాక్ష్యం చెప్పదు గదా, తీర్పు జరిగిందని తెలుపుతుంది. రేడియోను ఫిరంగి స్థానంలో పెట్టి చాలామంది ఉలమాలు సమ్మతించారు. షరతు ఒక్కటే: ప్రకటన బాధ్యతగల కమిటీ పేరుతో ఉండాలి.

ఇక సెల్‌ఫోను. మన జిల్లా నుండి కువైట్‌కు పొట్టకూటికి పోయినవారు వేలకొలది. అక్కడ పండుగ అని కొడుకు ఫోను చేస్తాడు, ఇక్కడ తల్లి ఇంకా రోజాతో ఉంటుంది. ఇంట్లోనే తగవు పుడుతుంది. లెక్క చూస్తే ఇందులో విచిత్రమేమీ లేదు. కువైట్ మనకు పడమట సుమారు 31 డిగ్రీల రేఖాంశం దూరాన ఉన్నది గనుక అక్కడ ప్రొద్దుగూకడం సుమారు రెండు గంటలు ఆలస్యం. చంద్రుడు గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున సూర్యునికి దూరమవుతాడు. మనకు కనరాని వంక రెండు గంటల తర్వాత వారికి కనిపించవచ్చు.

ఈ తగవు ఫోనుతో పుట్టినది కాదు. హజ్రత్ కురైబ్ సిరియా నుండి మదీనాకు తిరిగివచ్చి, అక్కడ శుక్రవారం రాత్రే చంద్రుణ్ణి చూశామని చెప్పగా, మేము శనివారం రాత్రి చూశాము, ముప్పది పూర్తిచేస్తాము, లేదా చంద్రుణ్ణి చూస్తాము అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సమాధానమిచ్చారు. సహీహ్ ముస్లిమ్‌లో ఈ సంఘటన ఉన్నది. ఒక ఊరి దర్శనం మరొక ఊరికి వర్తిస్తుందా అనే విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. అయితే కురైబ్ మాట మదీనా చేరేసరికి నెల ముగియవచ్చింది. కువైట్ మాట తరావీహ్ కాకముందే చేరుతుంది. అందుచేత గ్రంథాలలో ఉండిన భేదం వంటింట్లోకి వచ్చింది.

మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. అది లేవదీసిన ప్రశ్న మాత్రం వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నది. నెలవంక ఫోటో ఒకటి వస్తుంది. అది ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో దానిమీద ఉండదు. అటువంటిది జమ్మలమడుగు నుండి ప్రొద్దుటూరుకు వచ్చినపుడు దానిని నలుగురికి పంపకముందే ఆ ఊరికి ఫోను చేసి విచారించాలి: చూసినవారెవరు? ఎక్కడ నిలబడి చూశారు? ఏ వేళకు? మీ ఇమాము వారి నోట స్వయంగా విన్నారా?