కంచం వేరు పెట్టకండి



మా ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల వీధిలో ఒక పెద్దావిడకు రెండు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోయేది. వాయువన్నారు. వాము నమిలారు, సోడా తాగారు. ఆరు నెలలయ్యాక కర్నూలు తీసుకెళ్లి గొట్టం వేసి చూస్తే జీర్ణాశయంలో కేన్సరు. ముక్క తీసి పరీక్షించి, వైరస్ ఉన్న రకమని చెప్పారు. అంతే! మర్నాటినుంచి ఆవిడ కంచం వేరు, చెంబు వేరు. మనవణ్ణి దగ్గరికి పోనివ్వరు. ఉండబట్టక ఈ సంగతి మీకు చెబుతున్నాను.

ఆ వైరస్ పేరు ఎప్‌స్టీన్-బార్. ఆఫ్రికా పిల్లలకు వచ్చే గడ్డల కణాలలో దీన్ని 1964లో లండన్‌లో ముగ్గురు కనిపెట్టారు. వారిలో బార్ ఆడమనిషే సుమండీ! ఇది ఎంగిలివల్ల వస్తుంది. మరి కంచం వేరు పెడితే తప్పేమిటంటారా? లోకంలో పెద్దవాళ్లలో 100కి 90 మందికి పైగా ఇది ఒంట్లో ఉంది. చాలామందికి చిన్నతనంలోనే చేరి, తెల్ల రక్తకణాలలో నిద్రపోతుంటుంది. ఆ కోడలికీ ఉండే ఉంటుంది, నాకూ ఉండే ఉంటుంది. కేన్సరు మాత్రం అంటుకోదు. ఈ మాట కోడలికి చెప్పి, అత్తగారి పక్కన కూర్చుని ఉగ్గాని తిన్నాను. కోడలు చూసింది, ఏమీ అనలేదు. పిల్లవాడు మాత్రం వచ్చి నాయనమ్మ ఒళ్లో కూర్చున్నాడు.

జీర్ణాశయపు కేన్సర్లలో 100కి సుమారు 9 ఇలాంటివి. గడ్డ కణాలన్నిటిలో ఒకే వైరస్ కనిపిస్తుంది. అంటే గడ్డ పెరగకముందే మొదటి కణంలో దూరిందన్నమాట. అందుకే దానిమీద అంత అనుమానం. అందరిలో ఉన్నది కొందరినే ఎందుకు పట్టిందో ఇంకా పూర్తిగా తేలలేదు. వీటిలో మరీ అరుదైన రకంలో గడ్డనిండా తెల్లకణాలు బెల్లానికి చీమలు పట్టినట్టు మూగుతాయి. అవి మన ఒంటి కాపలావాళ్లు. ఈ రకం వచ్చినవారు తక్కినవారికంటే కాస్త మెరుగ్గా ఉంటారట.

అసలు పెద్ద దోషి వేరే ఉంది, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి మందుంది, మధ్యలో మానకూడదు. ఉప్పు, పొగాకు కూడా చేటే. జొన్నరొట్టెకు ఊరగాయ మానమని నేనెలా చెప్పను, నేనే మానలేదు! తగ్గించాను.

విరేచనం తారులా నల్లగా అయినా, ఊరికే బరువు తగ్గినా, ముద్ద దిగకపోయినా మాత్రలు మింగుతూ కూర్చోకండి. గొట్టమంటే భయం వద్దు. గొంతు మొద్దుబారే మందు కొట్టి, పది నిమిషాలలో చూసేస్తారు. పొద్దున పరగడుపున వెళ్లాలి, తోడుగా ఒకరుంటే మంచిది.