పట్టు సడలేది ఎక్కడ?

కొండచరియలకైనా మంచుచరియలకైనా వాలు కావాలి, కిందికి లాగేది భూమ్యాకర్షణే. పట్టు ఎలా సడలిందన్న దగ్గరే దారులు వేరవుతాయి.

కొండచరియల విషయంలో భూకంపాలను పక్కన పెడితే మన దేశంలో ప్రధాన నిందితురాలు వాన. నీరు మట్టి రేణువుల సందుల్లో చేరి లోపలినుంచి ఒత్తిడి పెంచుతుంది, ఒకదాన్నొకటి పట్టుకున్న రేణువులు వదులవుతాయి. పైగా మట్టి బరువెక్కుతుంది. 2024 జులై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయింది కుండపోత వానల్లోనే. ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో బండలు ఇళ్లమీద పడ్డదీ వానలోనే. రోడ్డుకో ఇంటికో వాలును అడుగున తొలిచేసి ఉంచితే, వానకు సగం పని మనమే చేసిపెట్టినట్టు.

మంచుచరియలకు వాన అక్కర్లేదు. మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. లోపల ఒక పొర పంచదార పలుకుల్లా మారి అతుక్కోవడం మానేస్తుంది. దానిమీద కొత్త మంచు పలకలా గట్టిపడుతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే, ఒక్క మనిషి బరువుకే కింది పొర కూలి పలక మొత్తం జారిపోవచ్చు. మరీ నిటారు కొండమీద మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. కాబట్టి చూడగానే భయపెట్టే శిఖరం కన్నా, స్కీయింగ్‌కు ముచ్చటగా కనిపించే వాలే ఎక్కువ ప్రమాదం. కూరుకుపోయినవారు ఎక్కువగా ఊపిరాడకే పోతారు. పావుగంట దాటితే ఆశలు వేగంగా తగ్గిపోతాయి. 2016లో సియాచిన్‌లో ఆరు రోజుల తర్వాత ప్రాణంతో దొరికిన లాన్స్ నాయక్ హనుమంతప్ప అరుదైన మినహాయింపు. ఆయనా ఆస్పత్రిలో కన్నుమూశారు.

కొండచరియకూ మంచుచరియకూ మధ్య ఉన్న ఈ గీతను చెరిపేసిన ఘటన 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో జరిగింది. ఆకాశం నిర్మలంగా ఉన్న ఆ ఆదివారం ఉదయం రిషిగంగ లోయలోకి బురద ఉప్పెన దూసుకొచ్చింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి రెండు వందలకు పైనే. ‘హిమానీనదం పేలింది’ అన్నాయి టీవీలు. హిమానీనదాలు పేలవు, కానీ స్క్రోలింగ్‌కు ఆ మాట బాగా కుదిరింది. నిజానికి రోంతీ శిఖరం నుంచి ఊడిపడింది సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల ముద్ద. అందులో 80 శాతం రాయి, 20 శాతం మంచుగడ్డ. దాదాపు 1,800 మీటర్లు కిందికి పడుతూ రాపిడి వేడికి మంచు కరిగిపోయింది. అంటే వాన లేకపోయినా, ఆ చరియ తనకు కావలసిన నీళ్లను చాలావరకు తానే వెంట తెచ్చుకుంది.

ఆ బండ 2016 నుంచే కొద్దికొద్దిగా కదులుతోందని ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. అయితే వాటిని అంత నిశితంగా చూసింది అది పడ్డాకే.