డంపరు టైరు: లోతు ఒక్కటే చాలదు

కొట్టాయం మార్కెట్లో రబ్బరు ధర పెరిగితే సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో తిరిగే డంపర్ల టైర్లకూ ఆ సెగ తగులుతుంది. కోతకు, వేడికి ఓర్చుకోవాలంటే వాటిలో సహజ రబ్బరు పాలు ఎక్కువ ఉండాలి మరి.

రాతి బాటలకు ఉద్దేశించినవి ఇ-3, ఇ-4 రకాలు. ఇ-4 ట్రెడ్ లోతు ఇ-3కి ఒకటిన్నర రెట్లు. రాళ్లకు ఎక్కువకాలం ఆగుతుంది. అయితే రబ్బరు మందమైన కొద్దీ లోపలి వేడి త్వరగా బయటపడదు. దూరం, వేగం పెరిగితే పొరలు విడిపోతాయి. అలాంటి టైరు రీట్రెడింగుకూ పనికిరాదు. పెట్టిన సొమ్ము అంతటితో సరి. కనుక కొనేముందు టన్ను-కిలోమీటరు-గంట రేటింగు చూడక తప్పదు.

గాలి చల్లటి టైరులోనే కొలవాలి. వేడెక్కి పీడనం పెరిగిందని గాలి వదిలితే టైరు మరింత వంగి, మరింత కాగుతుంది. పక్కగోడ కోతలు తగ్గాలంటే బాట మీద పడిన రాళ్లను ఎప్పటికప్పుడు తీయించాలి. టైరుతో పోలిస్తే అది చవక.