నూనె దిగే రేవు, బియ్యం ఎక్కే రేవు

కాకినాడలో ఒడ్డుకు దూరంగా ఓడలు లంగరు వేసుకుని ఉంటాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. అదే తీరంలో లోతు నీటి రేవుకు వచ్చిన ట్యాంకర్లు ఇండోనేసియా, మలేసియా పామాయిల్ దించుతాయి. ద్రవ్యోల్బణం అనగానే మనకు ఢిల్లీ బడ్జెటో, ముంబయిలోని రిజర్వు బ్యాంకో గుర్తొస్తాయి. అది దేశం నుంచి దేశానికి ఎలా నడుస్తుందో చూడాలంటే మాత్రం ఈ ఒడ్డున నిలబడితే చాలు. ఇక్కడికి ధర దిగుమతి అవుతుంది, ఇక్కడి నుంచే ఎగుమతీ అవుతుంది. రెండో సంగతి మనం పెద్దగా మాట్లాడుకోం.

ముందు దిగుమతి కథ. మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. సన్‌ఫ్లవర్ నూనెకైతే ఉక్రెయిన్, రష్యాలే ప్రధాన ఆధారం. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలై నల్ల సముద్రంలోని ఉక్రెయిన్ రేవులు మూతపడగానే, ఆ నూనె దొరకని దేశాలన్నీ పామాయిల్ మీద పడ్డాయి. మలేసియా మార్కెట్లో టన్ను ముడి పామాయిల్ మార్చిలో 7,000 రింగిట్లు దాటింది. బజ్జీల బండివాడికి ఉక్రెయిన్‌తో ఏం పని? బజ్జీ సైజు మాత్రం తగ్గింది.

ఇంతలో, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ తీసే ఇండోనేసియాలో సొంత జనమే నూనె కోసం వరసల్లో నిలబడ్డారు. బయట ధర బాగుంటే సరుకు బయటికే పోతుంది కదా! అక్కడి ప్రభుత్వం ఏప్రిల్ 28 నుంచి ఎగుమతులు ఆపేసింది. ఆ తర్వాత జరిగింది వింత. అక్కడి మిల్లుల ట్యాంకులు నిండిపోయాయి, పామాయిల్ గెలలు కొనేవాళ్లు లేక చిన్న రైతులు జకార్తా వీధుల్లో ఆందోళనకు దిగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏలూరు, అశ్వారావుపేట తోటల్లో టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటింది. చెట్టు అదే, గెల అదే. తలుపు ఎవరు మూశారన్నదే తేడా. మే 23న ఇండోనేసియా తలుపు తెరిచింది. సెప్టెంబరు చివరికి మలేసియా ధర సగానికి పడిపోయింది. మన తోటల్లో గెలల ధరా దాని వెంటే దిగింది. యుద్ధం మాత్రం అప్పటికీ సాగుతూనే ఉంది. అందుకే నాకనిపిస్తుంది, ధరను దేశాలు దాటించేది కొరత కంటే భయమేనని.

పామాయిల్ ధర తగ్గిన మేరకు మనకు ఊరట దక్కిందా అంటే, పూర్తిగా లేదు. మధ్యలో డాలరు ఉంది. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎన్నడూ లేదు. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్, దాదాపు సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జులైకి 5.25-5.50 శాతానికి లాక్కెళ్లింది. ఎక్కువ వడ్డీ ఎక్కడుంటే డబ్బు అక్కడికి పరుగెత్తుతుంది. 2022 మొదట్లో 75 లోపున్న డాలరు అక్టోబరుకు 83 రూపాయలైంది. నూనెకూ పెట్రోలుకూ మనం డాలర్లే కట్టాలి. అంటే వాళ్ల జబ్బుకు వాళ్లు వేసుకున్న మందు మనకు పథ్యమైంది. మన రిజర్వు బ్యాంకు కూడా 2022 మే 4న, షెడ్యూలులో లేని సమావేశం పెట్టి మరీ వడ్డీ పెంచడం మొదలెట్టింది. 4 శాతం రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. ఇంటి అప్పు తీర్చేవాళ్లలో చాలామందికి వాయిదా పెరగలేదు, ఏళ్లు పెరిగాయి. కొడుకు డల్లాస్ నుంచి డబ్బు పంపే ఇంట్లో రూపాయి పడితే సంబరం, కూతురి ఫీజు డల్లాస్‌కు పంపే పక్కింట్లో దిగులు.

ఇక ఎగుమతి కథ. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మనదే. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని ఆపింది. మనకు నూకలంటే ఉప్మా, జావ, కోళ్ల మేత. సెనెగల్‌లో చేపలతో వండుకునే వాళ్ల ఇష్టమైన అన్నానికి నూకలే కావాలి. ఆ దేశం కొనేదీ ఎక్కువగా మన దగ్గరే. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యాన్నీ ఆపేశారు. ఏడాదిలో దేశంలో బియ్యం ధర 11.5 శాతం పెరిగిందన్నది కారణం. ఎన్నికలకు ఏడాది కూడా లేదన్నది ఎవరూ చెప్పని కారణం.

ఆ వారం అమెరికాలో మనవాళ్లు ఏం చేశారో ఫోన్లలో తిరిగిన వీడియోల్లో అందరం చూశాం. సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు, ఒక్కొక్కరి బండిలో పది సంచులు, ఆపైన మనిషికి ఒక్కటే అని బోర్డులు. నిషేధం పడిన రోజున అమెరికా గోదాముల్లో ఒక్క గింజ కూడా తగ్గలేదు. ధర మాత్రం సాయంత్రానికే పెరిగింది. అక్కడ అది నవ్వుకునే కబురు. మనిలాలో కాదు. ఫిలిప్పీన్స్ సెప్టెంబరులో మామూలు బియ్యం కిలో 41 పెసోలు దాటకూడదని ఉత్తర్వే ఇవ్వాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కించే బియ్యం ధరల సూచీ ఆగస్టులో పదిహేనేళ్ల గరిష్ఠానికి ఎక్కింది.

పదిహేనేళ్ల కిందటి శిఖరంలోనూ మన వాటా ఉంది. 2007 అక్టోబరులో మనం ఎగుమతులు బిగించాం, వియత్నాం అదే పని చేసింది. టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్ బియ్యం 2008 వసంతానికి వెయ్యి డాలర్లు తాకింది. ఏప్రిల్‌లో హైతీలో జనం ఆకలితో వీధుల్లోకొచ్చారు, ప్రధాని పదవి పోయింది. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంట పెద్దగా చెడిందేమీ లేదు. ఇండోనేసియా నూనె ఆపితే మనం తిట్టుకున్నాం. మనం బియ్యం ఆపినప్పుడు మనిలా వంటింట్లో ఏమనుకున్నారో మన పత్రికల్లో ఎంత చదివాం?

2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి వంట నూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. నూనె ప్యాకెట్ ధర ఎగబాకింది, గెలల ధర కోలుకుంది. ఒకే జిల్లాలో తోట రైతు హమ్మయ్య అనుకున్నాడు, కిరాణా కొట్టు ముందు జనం గొణుక్కున్నారు. సరిగ్గా రెండు వారాలకు, సెప్టెంబరు 28న, తెల్ల బియ్యం మీద నిషేధం ఎత్తేశారు. కాకినాడలో బార్జీలు మళ్లీ తెల్ల బియ్యం బస్తాలతో ఓడల వైపు కదిలాయి.