పైసలు మీవి, హక్కులు ఎవరివి?

మొదటి పుస్తకం అచ్చేసుకోవాలంటే మూడు తొవ్వలున్నయ్. ప్రచురణ సంస్థే ఖర్చు పెట్టుకొని రాయల్టీ ఇచ్చుడు ఒకటి. కొత్తోళ్లకు ఆ తలుపు జల్ది తెరుచుకోదు. ఖర్చంతా మనమే పెట్టుకునుడు రెండోది. మా దోస్తుల ఇండ్లల్ల అమ్ముడువోని కట్టలు ఎన్ని చూసిన్నో! మూడోది హైబ్రిడ్. అంటే పాలుకు ఎవుసం చేసినట్టే: పెట్టుబడిల మన వాటా ఉంటది; ఎడిటింగ్, అచ్చు, అమ్మకం సంస్థ చూస్తది; వచ్చిన పైసల్ల మనకు మామూలు రాయల్టీ కంటె పెద్ద పాలు రావాలె.

కని ఈ పేరు చెప్పి పైసలు గుంజేటోళ్లూ ఉన్నరు. ఏది పంపినా ‘అద్భుతం’ అంటున్నరా? అనుమానించుండ్రి. అసలు హైబ్రిడ్ సంస్థ అన్నీ వెయ్యది, ఎంచుకుంటది. ఐఎస్‌బీఎన్‌కు వేరే పైసలడిగితే నిలదీయుండ్రి. మన దేశంల దాన్ని కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉత్తగనే ఇస్తది.

అన్నిటికంటె ముఖ్యం ఒప్పందం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చుడు కాగితం మీద, సంతకంతోనే జరగాలె. గడువు రాయకుంటే 5 ఏండ్లే. అందుకే ‘శాశ్వతంగ’ అన్న ముక్క ఉందా అని వెతకుండ్రి, ఉంటే కొట్టేయమనుండ్రి. ఎన్ని కాపీలు, ఎక్కడ అమ్ముతరు, లెక్క ఎప్పుడు చూపెడతరు, అన్నీ రాయించుకోండ్రి.

తమ్ముడూ, చెల్లే! పెట్టుబడి పెట్టినోళ్లకు పంట లెక్క అడిగే హక్కుంటది. సిగ్గువడకుండ్రి.