భవనం వాళ్ళది, మాట ఎవరిది?

నగరం నడిబొడ్డున కింద దుకాణాలు, పైన ఫ్లాట్లతో పెద్ద భవనం కడతారనుకుందాం. పక్కనే సఫాయి కార్మికుల బస్తీ, అంతా దళితులే. నీళ్ళు, డ్రైనేజీ, దారి ఆ భవనంతో పంచుకోవాల్సిందే. మరి బస్తీవాళ్ళనెవరు అడుగుతారు?

పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. భవనానికి అక్కర్లేదు! 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి. అదే నోటిఫికేషన్ భవనాలను ప్రజాసంప్రదింపుల నుంచి మినహాయించింది. నిపుణులు కాగితాలు చూస్తారు, బస్తీ మాట వినాల్సిన పని లేదు.

భూవినియోగం మార్చేటప్పుడు అభ్యంతరాలు పిలుస్తారు. మాస్టర్ ప్లాన్‌లో ఆ జాగా ముందే వాణిజ్యానికి కేటాయించి ఉంటే అదీ ఉండదు. అంటే మన మాట చెల్లేది ప్లాన్ ముసాయిదా దశలోనే. అప్పుడే కదలాలి.

3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. అక్కడ నిలదీయాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద భవనం కాగితాలు అడగాలి.

ఊళ్ళో రచ్చబండ దగ్గర వాడ మాట వినలేదు. నగరంలో రచ్చబండే లేకుండా చేశారు. భవనాలకూ ప్రజావిచారణ కావాలి, అదీ బస్తీలోనే జరగాలి.