పంక్తిలో మొదటి విస్తళ్ళు

కార్తికమాసం వచ్చిందంటే మా నివాస సముదాయంలోని తెలుగు కుటుంబాలవారికి ఉసిరిచెట్టు గుర్తుకు వస్తుంది. నోయిడాలో మా సంస్థ ఉద్యోగుల ఇళ్ళ మధ్యనున్న ఉద్యానంలో ఉన్నది ఒకే ఒక ఉసిరిచెట్టు. దానిని ఎవరు నాటారో తెలియదు గాని, ఏటా వనభోజనం మాత్రం దాని నీడనే జరుగుతుంది. నీడ అనడం కొంత అతిశయోక్తి. నూటయాభై మంది కూర్చుంటే ఆ సన్నని ఆకుల నీడ పదిమందికైనా చాలదు. అయినా నవంబరు చివరి వారాలలో ఢిల్లీ ప్రాంతపు ఎండ ఎవరికీ బాధ కలిగించదు. పైగా అందరూ ఎండనే వెతుక్కుంటారు. ఉత్తరాది సహోద్యోగులు కూడా ఈ పండుగను పరాయిదిగా భావించరు. కార్తిక శుద్ధ నవమిని వారు అక్షయ నవమి అంటారు. ఆనాడు ఉసిరిచెట్టు కింద వండుకుని తినడం వారి ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే.

2023లో మా వనభోజనం నవంబరు 26వ తేదీ ఆదివారం జరిగింది. మొదట 19వ తేదీ అనుకున్నాము. ఆనాడు అహ్మదాబాదులో ప్రపంచ కప్ క్రికెట్ తుదిపోటీ ఉన్నదని తెలిసిన మరుక్షణమే, ఎన్నడూ ఏకాభిప్రాయానికి రాని మా సాంస్కృతిక సమితి ఏకగ్రీవంగా వాయిదా తీర్మానం చేసింది.

ఆ ఏటి విశేషం వాయిదా కాదు, అతిథులు. ప్రతి సంవత్సరమూ ఉన్నతాధికారులను ముఖ్య అతిథులుగా ఆహ్వానించడం ఆనవాయితీ. ఆ సంవత్సరం రైతులను ఆహ్వానించాము. ఈ ఆలోచన సమితి గదిలో పుట్టలేదు. జూలైలో, వంతెన కింద పుట్టింది.

2023 జూలైలో యమునకు వచ్చిన వరదను పాఠకులు మరచి ఉండరు. ఆ నెల 13వ తేదీన ఢిల్లీలో నీటిమట్టం 208.66 మీటర్లకు చేరింది. 1978లో నమోదైన 207.49 మీటర్ల రికార్డు నలభైఐదేళ్ళ తరువాత చెరిగిపోయింది. నదికి ఇరువైపులా ఉన్న పల్లపు నేలను ఇక్కడివారు ‘ఖాదర్’ అంటారు. మన గోదావరి లంక భూములను ఎరిగినవారికి దానిని వేరుగా వివరించనక్కరలేదు. వరద తెచ్చిన ఒండ్రే అక్కడా ఎరువు. ఆ వరదే అక్కడా శత్రువు. మయూర్ విహార్ పక్కనున్న ఖాదర్ మునిగిపోగా అక్కడి సాగుదార్లు మంచాలు, గేదెలు, పిల్లలతో సహా రోడ్డు పక్కకూ ఫ్లైఓవర్ కిందకూ చేరారు. మా మహిళా బృందంవారు మొదటిరోజు పులిహోర పొట్లాలు తీసుకువెళ్ళారు. ఆ పులుపు పిల్లలకు అర్థం కాలేదు. రెండవరోజు నుండి కిచిడీ వండారు.

ఆ వరుసలో మాకు తెలిసిన మనిషి ఒకరు కనిపించారు. పదేళ్ళుగా మా ప్రధాన ద్వారం వద్దకు తోపుడుబండి మీద పాలకూర, మెంతికూర, ముల్లంగి తెచ్చి అమ్మే రైతు ఆయన. తూకం అయిన తరువాత గుప్పెడు కొత్తిమీర కొసరు వేసే చేయి ఆనాడు పళ్ళెం పట్టుకుని నిలబడింది. వడ్డిస్తున్నవారు తల వంచుకున్నారు. ఆయనా తల వంచుకున్నారు. “కష్టంలో ఉన్నవాడికి రోడ్డు మీద పెట్టాము. ఇకనైనా ఇంటికి పిలిచి కూర్చోబెట్టి పెట్టాలి” అని ఆ రాత్రి మా బృందంలో పెద్దావిడ ఒకరు అన్నారు. కార్తికంలో ఆ మాటనే సమితి ముందుంచారు.

సమావేశం సాఫీగానే సాగుతుండగా, కూరలు ఎక్కడివి తేవాలన్న ప్రశ్న వచ్చింది. అతిథుల పొలాల నుండే కొనడం మర్యాద అని అందరమూ అనుకున్నాము. అప్పుడు రసాయనశాస్త్రం బోధించే ఒక సోదరి లేచి, నూటయాభై మందికి ఖాదర్ ఆకుకూర వండిపెట్టే బాధ్యత తాను తీసుకోలేనన్నారు. ఆమె మాటలో అసత్యం లేదు. యమున పల్లా వద్ద ఢిల్లీలో ప్రవేశించినప్పుడు ఉన్న నది వేరు; వజీరాబాద్ బ్యారేజి దాటి నజఫ్‌గఢ్ నాలా వచ్చి కలిసిన తరువాత ఉన్న నది వేరు. వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు ఉన్నది సుమారు 22 కిలోమీటర్లు మాత్రమే. నదికి కలిగే కాలుష్యంలో అత్యధిక భాగం ఆ కొద్ది దూరంలోనే చేరుతున్నది. ఆ నీటితో, ఆ నేలలో పెరిగిన కూరలలో సీసం, కాడ్మియం వంటి భార లోహాలు చేరుతున్నాయని పరిశోధకులు హెచ్చరించారు. నది శుద్ధి అయ్యేవరకు ఢిల్లీ వరద మైదానంలో ఆహారపు పంటలు పండించరాదని 2015 జనవరిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. పంటలు మాత్రం ఆగలేదు. మేమూ కొనడం ఆపలేదు. పదేళ్ళుగా మా పిల్లలకు పెట్టిన పాలకూర పప్పు ఏ నేలదో ఒక్కసారైనా ఎవరమూ అడగలేదు.

చివరకు కూరలు సోనీపత్ జిల్లా పల్లెల నుండి తెప్పించాలని నిశ్చయించాము. అది తేలిక. మా బండి రైతుకు ఆ సంగతి చెప్పడమే కష్టం. అతిథిగా పిలిచి, నీ పంట మాకు వద్దనడం ఎలాగ? సమితి ఆ పనిని మాలో ఇద్దరికి అప్పగించింది. ఆ ఇద్దరూ ఖాదర్‌కు వెళ్ళివచ్చి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒండ్రు ఆరిన మడిలో ముల్లంగి మళ్ళీ మొలిచి ఉన్నది. ఒక వారగా బంతి తోట. ఆయన టీ తెప్పించి, విషయమంతా విని, కోపగించుకోలేదు. తనకు తెలుసునన్నారు. తన పిల్లలూ ఆ కూరే తింటారన్నారు. తరువాత వంతెన వైపు చేయి చూపి, “బాబూజీ, ఈ నీళ్ళను నేను పాడుచేయలేదు. అటునుంచి వచ్చినవే” అన్నారు. ఆయన చూపినది ఆవలి ఒడ్డు. మా సంస్థ ప్రధాన కార్యాలయం లోధీ రోడ్డు ప్రాంతంలో ఉన్నది. ఆ పరిసరాల గుండా వచ్చే బారాపులా నాలా సరాయ్ కాలే ఖాన్ సమీపంలో యమునలో కలుస్తుంది. మేము రోజూ ఉదయం సాయంత్రం కార్యాలయపు బస్సులో కిటికీ అద్దాలు మూసుకుని, ముక్కుకు చేతిగుడ్డ అడ్డుపెట్టుకుని దాటే నది అదే. ఆ నాలాకు మేమూ చందాదారులమేనన్న స్పృహ ఆ ఇద్దరికీ అంతకుముందు ఉండి ఉండదు.

26వ తేదీ ఉదయం ఆయన ఖాళీ చేతులతో రాలేదు. బండి నిండా బంతిపూలు తెచ్చారు. ఉసిరిచెట్టు మొదలు నుండి ద్వారబంధం వరకు పచ్చని, నారింజరంగు దండలు కట్టించారు. డబ్బు ఇవ్వబోతే, అతిథి దగ్గర వెల కడతారా అని ఆయనే మమ్ములను మందలించారు.

అతిథులు మొత్తం పధ్నాలుగు మంది. ఖాదర్ సాగుదార్లు తొమ్మిది మంది, వారి భార్యలు ముగ్గురు. ఢిల్లీ వాయవ్యపు అంచున హర్యానా సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లెలవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు మా కార్యాలయంలో డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన వారి అన్నగారు, డెబ్భై దాటిన వృద్ధులు. వారిది జౌంతీ గ్రామం. ఆ పేరు వినగానే మాలో ఒకరిద్దరు తప్ప ఎవరూ కదలలేదు. కదలవలసిన పేరది.

1960ల నడుమ మన దేశం గోధుమల కొరకు విదేశీ ఓడల వైపు చూస్తున్న రోజులలో, పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎం.ఎస్. స్వామినాథన్ గారి నాయకత్వంలో మెక్సికో పొట్టి గోధుమ రకాలను రైతుల పొలాలలో పండించి చూపారు. మన పాత రకాలు పొడుగు. ఎరువు ఎక్కువ వేస్తే కంకి బరువుకు చేను పడిపోయేది. పొట్టి రకాలు ఎరువును తట్టుకుని నిలబడ్డాయి. ఆ విత్తనాన్ని పెద్దఎత్తున పెంచి ఇతర రైతులకు అందించే విత్తన గ్రామంగా జౌంతీ రూపొందింది. ‘జవహర్ జౌంతీ’ పేరిట అక్కడ విత్తన సహకార సంఘం వెలసింది. 1968లో ‘గోధుమ విప్లవం’ పేరున తపాలా బిళ్ళ వెలువడింది. ఆ బిళ్ళ మీద పూసా సంస్థ గ్రంథాలయ భవనం ఉన్నది. జౌంతీ చేను అందులో లేదు.

ఆ వృద్ధులు అప్పటికి బడి పిల్లవాడట. తమ ఊరి గోధుమలను దూరప్రాంతాల రైతులు విత్తనానికని కొనుక్కుపోయేవారని, తమ తల్లికి మాత్రం ఆ గోధుమ నచ్చలేదని నవ్వుతూ చెప్పారు. తొలి మెక్సికో రకాల గింజ ఎరుపు. రొట్టె రంగు ఇంటివారికి రుచించలేదు. మన శాస్త్రవేత్తలు ఎంపికలు, మార్పులు చేసి కల్యాణ్ సోనా, సోనాలికా, శర్బతీ సోనోరా వంటి రకాలను తెచ్చిన తరువాత గాని ఆ అలక తీరలేదు. దిగుబడుల లెక్కలు వ్రాసేవారు ఆ తల్లి అలకను లెక్కలో వేయరు, వేస్తే బాగుండును.

అదే సమయంలో మన వైపు వరిలోనూ ఇటువంటి ఘట్టమే జరిగింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐ.ఆర్.8 వరిని పండించి దేశమంతటి దృష్టినీ ఆకర్షించారు. ఆ సంగతి మాలో ఒకరు హిందీలో చెప్పగా జౌంతీ పెద్దాయన శ్రద్ధగా విని, “ఆయన వడ్లకూ రంగు తగాదా వచ్చిందా?” అని అడిగారు. రంగు కాదు, అన్నం గట్టిపడుతుందన్న తగాదా వచ్చిందని చెబితే ఎంతో తృప్తి పడ్డారు.

భోజనాలకు మోదుగాకు విస్తళ్ళు వేశాము. మొదటి పంక్తిలో అతిథులు, వారి మధ్య మధ్య మా పిల్లలు. జనరల్ మేనేజరు గారు నేయి వడ్డించారు. వారి చేతివాటం ఉదారంగా ఉన్నందున రెండవ పంక్తి నాటికి నేయి అయిపోయింది. ఇది ఫిర్యాదు కాదు. గుమ్మడికాయ పులుసు, గుత్తివంకాయ, కంద బచ్చలి, ఉసిరికాయ పచ్చడి, బూరెలు మా వంతు. సజ్జ రొట్టె, ఆవాకు కూర, బెల్లం ఉత్తరాది సోదరీమణుల వంతు. గోధుమ చేలలో కలుపుగా మొలిచే బథువా ఆకును పెరుగులో కలిపి వారు చేసిన పచ్చడికి గిరాకీ ఎక్కువైంది. కలుపు మొక్కను ఇంత ఇష్టంగా తింటారా అని మా పిల్లలు ఆశ్చర్యపోగా, అతిథులలో ఒకామె, గోధుమ మునిగినా అది మిగులుతుంది నాయనా అన్నారు.

భోజనానంతరం శాలువాలు కప్పాము. ప్రసంగాలు వద్దని ముందే అనుకున్నా రెండు జరిగాయి. వాటిని ఇక్కడ వ్రాయము. బండి రైతు మాత్రం ప్రసంగించలేదు. మా పిల్లలు చుట్టూ చేరి, వరదకు నష్టపరిహారం ఎంత వచ్చిందని అడిగారు. రాలేదన్నారు. ఆయన స్వగ్రామం ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁ వైపు. ఇక్కడ సాగు చేసేది కౌలుకు. కౌలు కాగితం లేదు. కాగితం లేనివాని పంట మునిగితే మునిగినట్లు ఎక్కడా నమోదు కాదు.

ఆ మాటకు మాలో చాలామంది మౌనం వహించారు. కారణం చెప్పుకోవాలి. మాలో సగంమందికి స్వగ్రామాలలో ఎకరమో రెండెకరాలో ఉన్నది. తండ్రుల తరువాత దానిని కౌలుకే ఇచ్చాము. కౌలుదార్లకు బ్యాంకు రుణం, పంట నష్టపరిహారం అందేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండవ దాని ప్రకారం యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తేనే కౌలుదారుకు కార్డు వస్తుంది. భూమి ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. ఆ చాలామందిలో మేమూ ఉన్నాము. ఆ సాయంత్రం అతిథులను సాగనంపిన తరువాత, మాలో ఒకరు కృష్ణా జిల్లాలోని తమ కౌలుదారుకు టెలిఫోను చేసి, పత్రం సిద్ధం చేయించమన్నారు. అవతలివారు మొదట భయపడి, పొలం అమ్మేస్తున్నారా అయ్యా అని అడిగారట.

డిసెంబరు మొదటివారంలో తోపుడుబండి ఎప్పటివలెనే ద్వారం వద్దకు వచ్చింది. ఇప్పుడు దానిమీద కూరలు రెండు గుట్టలుగా ఉంటున్నాయి. ఎవరూ అడగకముందే ఆయన చేయి పెట్టి చూపుతారు: ఇది మండీ నుండి తెచ్చినది, ఇది నాది. రెండింటికీ ఒకటే ధర. కొత్తిమీర కొసరు మాత్రం మండీ గుట్ట నుండే వేస్తారు.